రెప్పల ఆపరేషన్ తర్వాత వాపు: పాఠకుల ప్రశ్నలు, కంటి వైద్యుడి జవాబులు

కనురెప్పల శస్త్రచికిత్స గురించి ఈ మధ్య వస్తున్న ఉత్తరాలు దాదాపు అన్నీ వాపు దగ్గరికే చేరుతున్నందున, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాము. వయసుతో సాగి చూపుకు అడ్డం పడుతున్న పై రెప్ప చర్మాన్ని తగ్గించినా, కింది రెప్పల సంచులను సరిచేసినా, జారిపోయిన రెప్పను పైకి ఎత్తి కుట్టినా, ఆ తర్వాత వచ్చే వాపు తీరు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఉత్తరాలు రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. నా వయసు 61 సంవత్సరాలు. ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. పై రెప్పల చర్మం కళ్ల మీదికి వాలిపోయి, చదవాలంటే నుదురు పైకి ఎత్తి పట్టుకోవలసి వస్తున్నందున పై రెప్పలకూ, వాటితోపాటే కింది రెప్పల సంచులకూ ఆపరేషన్ చేయించుకున్నాను. ఈ రోజు నాలుగో రోజు. ఆపరేషన్ అయిన సాయంత్రం కంటే మూడో రోజు ఉదయం వాపు ఎక్కువైంది. కుడి కన్ను కంటే ఎడమ కన్ను ఎక్కువ ఉబ్బింది. కమిలిన నలుపు బుగ్గల మీదికి దిగింది. చూపు బాగానే ఉంది, నొప్పి పెద్దగా లేదు. ఐసు ఇంకా పెట్టుకోవాలా? మా వదినగారు పప్పు తింటే చీము పడుతుందని మాన్పించి, పాత చింతకాయ పచ్చడితో పథ్యం పెడుతున్నారు. ఇది సరైనదేనా?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలన్నీ మామూలుగా మానుతున్న రెప్పల లక్షణాలే. రెప్పల ఆపరేషన్ తర్వాత వాపు మొదటి రోజు కంటే రెండో, మూడో రోజుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తర్వాత తగ్గుముఖం పట్టి, రెండు వారాలు గడిచేసరికి చాలావరకు పోతుంది. మిగిలిన కొద్దిపాటి ఉబ్బు, ముఖ్యంగా నిద్ర లేచిన వెంటనే కనిపించేది, పూర్తిగా సర్దుకోవడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. కాబట్టి ఈ రోజు వాపు ఎంత ఉందన్నదాని కంటే, నిన్నటి మీద అది ఎటు పోతోందన్నదే ముఖ్యం. ప్రతిరోజూ ఒకే వేళకు, ఒకే కిటికీ దగ్గర కూర్చుని మీ ఇంట్లోవారి చేత ఫోనులో ఒక ఫోటో తీయించుకోండి. గంటకొకసారి అద్దం ముందు నిలబడితే కలిగేది ఆందోళన మాత్రమే. ఫోటోలను వరుసగా పెట్టి చూసుకుంటే మీకూ, మిమ్మల్ని పరీక్షించే వైద్యులకూ అసలు సంగతి తెలుస్తుంది.

రెప్పలే ఇంతగా ఎందుకు ఉబ్బుతాయో కూడా చెప్పవలసి ఉంది. శరీరం మొత్తం మీద అతి పలుచటి చర్మం కనురెప్పలదే. దాని మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మిగతా చోట్ల చర్మం కింద ఉండే కొవ్వు పొర ఇక్కడ లేదనే చెప్పాలి. ఉన్నదంతా వదులైన కణజాలం కనుక, గాయం దగ్గర ఊరే నీరు ఏ అడ్డూ లేకుండా అందులో పరుచుకుంటుంది. ఆ నీటిని చెవి ముందున్న గ్రంథుల వైపు తీసుకుపోయే సన్నని లింఫ్ నాళాలు కోతలో కొన్ని తెగుతాయి. అవి మళ్లీ కుదురుకునే వరకు నీరు నెమ్మదిగానే తగ్గుతుంది. రెండు కళ్లలోనూ కోత, రక్తస్రావం సరిసమానంగా ఉండవు కనుక ఒక కన్ను ఎక్కువ ఉబ్బడం సహజం. ఒక పక్కకు తిరిగి పడుకునే అలవాటు ఉంటే ఆ పక్క కన్ను మరింత ఉబ్బుతుంది. కమిలిన రక్తం బరువుకు కిందికి దిగుతుంది కాబట్టి బుగ్గలు నల్లబడటం గాయం ముదిరిందనడానికి గుర్తు కాదు. ఆ నలుపు ఊదారంగులోకి, ఆకుపచ్చలోకి, చివరకు పసుపులోకి మారుతూ పది పద్నాలుగు రోజుల్లో మాయమవుతుంది.

ఐసు మేలు చేసేది ప్రధానంగా మొదటి 48 గంటల్లో. చలువకు రక్తనాళాలు కుంచించుకుని నీరు ఊరడం తగ్గుతుంది. ఒకసారి ఊరిన నీటిని ఐసు వెనక్కి పంపలేదు. మీకు నాలుగో రోజు వచ్చింది కనుక ఇప్పుడు హాయిగా అనిపిస్తే చల్లటి గుడ్డ వేసుకోవచ్చు గానీ, గంట గంటకూ పెట్టుకోవలసిన అవసరం లేదు. ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మిగతా పాఠకుల కోసం పద్ధతి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఐసు ముక్కలను, లేదా ఫ్రీజర్‌లోని బఠానీల పొట్లాన్ని, నీరు కారని ప్లాస్టిక్ సంచిలో వేసి, దానిపై ఉతికి ఇస్త్రీ చేసిన మెత్తని నూలు గుడ్డ చుట్టి, మూసిన రెప్పల మీద బరువు పడకుండా పది పదిహేను నిమిషాలు ఆనించాలి. తర్వాత కనీసం అంతసేపైనా విరామం ఇచ్చి, మెలకువగా ఉన్నంతసేపు ఇలా చేస్తూ ఉండాలి. ఐసును నేరుగా చర్మానికి తగిలించకూడదు. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లపాటు రెప్పలకు స్పర్శ సరిగా తెలియదు కనుక, చలికి చర్మం దెబ్బతింటున్నా మీకు తెలియకపోవచ్చు. ఇదే కారణంతో వేడి కాపడంలో ఇంకా జాగ్రత్త అవసరం. కమిలిన మచ్చలు త్వరగా పోవడానికి మూడు నాలుగు రోజుల తర్వాత గోరువెచ్చని గుడ్డ పెట్టుకోమని కొందరు వైద్యులు చెబుతారు. మీ వైద్యులు కూడా చెప్పి ఉంటేనే, ముందుగా మణికట్టు లోపలి వైపు తాకించి చూసుకుని, పెట్టుకోండి. పెనం మీద వేడిచేసిన గుడ్డ మాత్రం ఎంతమాత్రం వద్దు.

ఐసు పని రెండు రోజులతో అయిపోతుంది గానీ తల ఎత్తుగా ఉంచుకోవడం కనీసం ఒక వారమైనా సాగాలి. నా దృష్టిలో వాపు తగ్గించే ఉపాయాలన్నింటిలోనూ ఖర్చు లేనిదీ, ఫలితం ఎక్కువ ఇచ్చేదీ ఇదే. అయినా ఎక్కువమంది మధ్యలో వదిలేసేదీ ఇదే. రెండు మూడు తలగడలు పేర్చుకుంటే అర్ధరాత్రికి మెడ జారి తల మళ్లీ కిందికి వస్తుంది. దానికంటే మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టడం గానీ, ఇంట్లో పడక కుర్చీ ఉంటే అందులో వెల్లకిలా నిద్రపోవడం గానీ మేలు. పగలు కూడా రోజంతా పడుకుని ఉండకుండా, లేచి కూర్చోవడం, ఇంట్లోనే నెమ్మదిగా నడవడం మంచిది. అయితే తల నడుము కంటే కిందికి వంగే పనులు, ఊపిరి బిగబట్టే పనులు రెండు వారాలు మానాలి. వాకిట్లో ముగ్గు పెట్టడం, కత్తిపీట ముందు వంగి కూరలు తరగడం, నీళ్ల బిందె ఎత్తడం, మనవలను చంకనెత్తుకోవడం, దేవుడి ముందు సాష్టాంగపడటం అన్నీ ఈ కోవలోకే వస్తాయి. మలబద్ధకంతో ముక్కడం కూడా అటువంటిదే కనుక, ఆ ఇబ్బంది ఉన్నవారు సిగ్గుపడకుండా వైద్యులకు చెప్పి మందు రాయించుకోవాలి. తుమ్ము వస్తే ముక్కు నొక్కి ఆపకుండా నోరు తెరిచి తుమ్మండి.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకం మన జిల్లాల్లో గట్టిగా ఉన్నప్పటికీ దానికి వైద్యపరమైన ఆధారం లేదు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది గానీ కందిపప్పు వల్ల కాదు. పైగా గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, తాజా చేపలు వాటిని ఇస్తాయి. విచిత్రమేమిటంటే, మేలు చేసే పప్పును మాన్పించి దాని స్థానంలో పెడుతున్న పాత చింతకాయ పచ్చడి, ఏడాదిపాటు నిలవ ఉండటానికి ఉప్పు దండిగా వేసి తొక్కినది. ఉప్పు గాయాన్ని చెరపదు, వాపును పుట్టించదు; కానీ ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీరు రాత్రి పడుకున్నప్పుడు వదులుగా ఉన్న రెప్పల్లోకి చేరి, ఉదయం అద్దంలో కనిపిస్తుంది. పెద్దవారికి రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే సుమారు ఒక టీ చెంచా లోపే, ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, మన తీరంలో ఇష్టంగా తినే ఎండు చేపలు రెండు మూడు వారాలు పక్కన పెడితే ఆ హద్దులో ఉండటం కష్టం కాదు. మీ వదినగారి ఆదరణను నొప్పించకుండా, పథ్యం పేరు అలాగే ఉంచి, అందులో చప్పటి పప్పన్నం, మజ్జిగ చేర్చమని అడగండి. పసుపు ముద్ద, ఆముదం, ఆకు పసర్లు మాత్రం ఎవరు ఎంత ప్రేమగా తెచ్చినా కుట్ల మీద పూయనివ్వకండి.

ప్రశ్న: డాక్టరు గారూ, నా భార్యకు వచ్చే వారం విశాఖపట్నంలో రెప్పల ఆపరేషన్ ఉంది. అదే రోజు సాయంత్రం ఇంటికి పంపిస్తామన్నారు. మేము అనకాపల్లి అవతల పల్లెలో ఉంటాము. వాపు రావడం మామూలేనని అందరూ అంటున్నారు. అయితే ఏ వాపు మామూలుది, ఏ వాపుకు రాత్రికి రాత్రి పరుగెత్తాలి?
— ఒక పాఠకుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: చాలామంది అడగవలసి ఉండి కూడా అడగని ప్రశ్న ఇది. రెప్పల ఆపరేషన్ తర్వాత అరుదుగానే అయినా నిజంగా భయపడవలసిన ప్రమాదం, కనుగుడ్డు వెనుక రక్తం చేరడం. కనుగుడ్డు చుట్టూ ఎముక గోడలు ఉండటం వల్ల లోపల చేరిన రక్తానికి వెళ్లే దారి ఉండదు. లోపలి ఒత్తిడి పెరిగి, చూపు నరానికీ, కంటి లోపల వెనుక ఉండే రెటీనా పొరకూ రక్త ప్రసరణ ఆగిపోతుంది. ఇది ఎక్కువగా మొదటి 24 గంటల్లో, అందులోనూ మొదటి కొన్ని గంటల్లో వస్తుంది. బరువెత్తడం, విపరీతమైన దగ్గు, రక్తపోటు ఒక్కసారిగా పెరగడం వంటి కారణాలతో కొన్ని రోజుల తర్వాత వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మామూలు వాపు మెత్తగా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది, దాదాపు రెండు వైపులా ఉంటుంది, పారాసిటమాల్‌కు లొంగే పాటి నొప్పితో వస్తుంది. ప్రమాదకరమైన వాపు సాధారణంగా ఒకే కంటికి, చూస్తుండగానే పెరుగుతుంది. రెప్ప బిగిసి రాయిలా గట్టిపడుతుంది. కంటి లోతుల్లో పోటు వస్తూ మాత్రకు తగ్గదు. కనుగుడ్డు ముందుకు తోసుకువచ్చినట్టు ఉంటుంది. చూపు మసకబారుతుంది, లేదా ఒకటి రెండుగా కనిపిస్తుంది. వాంతులు కూడా కావచ్చు. వీటిలో చూపు తగ్గడం అన్నిటికంటే పెద్ద హెచ్చరిక. కంటి ఆయింట్‌మెంట్ వల్ల కూడా చూపు మసకగా ఉంటుంది కనుక, మొదటి సాయంత్రం నుంచి నిద్రపోయే వరకు గంటకొకసారి, శుభ్రమైన తడి దూదితో ఆయింట్‌మెంట్‌ను సుతారంగా తుడిచి, నాలుగైదుసార్లు రెప్పలు కొట్టించి, ఒక కన్ను మూయించి రెండో కంటితో గోడ మీది క్యాలెండరు అంకెలు చదివించండి. తర్వాత రెండో కంటికీ అలాగే చేయండి. రాత్రి మధ్యలో ఒకటి రెండుసార్లు లేపి చూడటంలో తప్పు లేదు.

తేడా కనిపిస్తే, తెల్లారాక చూద్దామని ఆగకూడదు. వైద్యులు కొన్ని కుట్లు విప్పి, అవసరమైతే కంటి బయటి కొసను చిన్నగా కోసి ఒత్తిడిని వెంటనే తగ్గిస్తారు. అది గంటన్నర, రెండు గంటల్లోపు జరగకపోతే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. మీ ఊరి నుంచి నగరానికి వచ్చే ప్రయాణంలోనే ఈ సమయంలో ఎక్కువ భాగం గడిచిపోతుంది. అందుకే నా సలహా సూటిగా చెబుతున్నాను: మొదటి రాత్రి, వీలైతే రెండో రాత్రి కూడా, విశాఖపట్నంలోనే బంధువుల ఇంట్లోనో ఆసుపత్రి దగ్గరి వసతిలోనో ఉండండి. ఆపరేషన్ చేసిన వైద్యులను రాత్రి వేళ అందుబాటులో ఉండే ఫోను నంబరు అడిగి, కాగితం మీద రాయించుకుని మరీ బయలుదేరండి. ఆ నంబరు పలకకపోతే 108కి ఫోను చేయండి. లేదా విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) క్యాజువాలిటీకి నేరుగా వెళ్లి, ఈ రోజే రెప్పల ఆపరేషన్ జరిగిందనీ, చూపు తగ్గుతోందనీ మొదటి మాటగా చెప్పండి. ఈలోగా కంటి మీద గట్టిగా కట్టు కట్టవద్దు, నొక్కవద్దు, తల ఎత్తుగానే ఉంచండి.

రెండో రకం ప్రమాదం ఇన్‌ఫెక్షన్. అది మొదటి రాత్రి కాక, కొన్ని రోజుల తర్వాత వస్తుంది. తగ్గుతూ వచ్చిన వాపు మళ్లీ పెరగడం, ఎరుపు, వేడి, చీము, జ్వరం దాని గుర్తులు. కన్ను కదిపితే నొప్పి వేస్తున్నా అదే రోజు చూపించుకోవాలి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పుట్టుకతో వాలిన ఎడమ రెప్పకు ఆపరేషన్ జరిగింది. వారం వరకు బాగా తగ్గుతూ వచ్చిన వాపు ఎనిమిదో రోజు నుంచి మళ్లీ మొదలైంది. రెప్ప ఎర్రబడి విపరీతంగా దురద పెడుతోంది. జ్వరం లేదు, చీము లేదు. మందుల షాపులో అడిగితే స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారు. వేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: చీము, జ్వరం లేకుండా దురద ముందుండే వాపు, వారం రోజులుగా రాస్తున్న మందు పడకపోవడం వల్ల వచ్చి ఉండవచ్చు. కంటి ఆయింట్‌మెంట్లలో వాడే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొందరికి ఇలాగే, కొన్ని రోజుల వాడకం తర్వాత ఎలర్జీ చేస్తుంది. మీ ట్యూబు మీద ఆ పేరు ఉందేమో చూడండి. ఉన్నా లేకపోయినా, ట్యూబును వెంట తీసుకుని ఇవాళో రేపో వైద్యుల దగ్గరికి వెళ్లండి. మందు మార్చితే చాలావరకు కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది.

షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకోవద్దు. ఆపరేషన్ తర్వాత మేము కూడా కొన్నిసార్లు స్టెరాయిడ్ చుక్కలు రాస్తాము. కానీ ఎన్ని రోజులు, ఎన్నిసార్లు అన్న లెక్కతో, మధ్యలో కంటి లోపలి ఒత్తిడి చూస్తూ రాస్తాము. ఆ లెక్క లేకుండా వాడితే కొందరిలో ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని దెబ్బతీసే గ్లకోమాకు దారితీస్తుంది. ఒకవేళ నిజంగా ఇన్‌ఫెక్షనే ఉంటే దాన్ని కప్పిపెట్టి ముదరనిస్తుంది. మీ విషయంలో మరొకటి గమనించవలసి ఉంది. వాలిన రెప్పను ఎత్తిన తర్వాత కొన్ని వారాలు నిద్రలో కన్ను పూర్తిగా మూసుకోదు. కంప్యూటరు ముందు కూర్చుంటే రెప్ప కొట్టడం కూడా తగ్గుతుంది. ఆ పొడిదనానికి కన్ను ఎర్రబడి మంట పెట్టవచ్చు కనుక, కన్నీటి చుక్కల గురించి, రాత్రిపూట వేసుకునే లేహ్యంలాంటి జెల్ గురించి వైద్యులను అడగండి. ఆఫీసు ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకుండా కుర్చీ జరుపుకోండి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. గుండెకు స్టెంటు వేశారు. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. బీపీకి కూడా మాత్రలున్నాయి. రెప్పల ఆపరేషన్‌కు ముందు వీటిని మానేస్తే వాపు, కమలడం తగ్గుతాయని స్నేహితుడు చెప్పాడు. మానేయమంటారా?
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ అంతట మీరు మానవద్దు. రక్తం గడ్డకట్టకుండా చూసే మందుల వల్ల కమలడం, వాపు పెరిగే మాట నిజమే. కానీ స్టెంటు ఉన్నవారు వాటిని హఠాత్తుగా ఆపితే స్టెంటులో గడ్డకట్టి ప్రాణాపాయం కలగవచ్చు. రెప్పల నలుపు రెండు వారాల్లో పోతుంది. అందువల్ల మీ గుండె వైద్యులు, కంటి వైద్యులు మాట్లాడుకుని నిర్ణయించాలి. ఆపవచ్చని తేలినా, యాస్పిరిన్ ప్రభావం రక్తంలో వారం నుంచి పది రోజులు ఉంటుంది కనుక ముందు రోజు మానితే ప్రయోజనం లేదు. స్టెంటు వేసి ఎక్కువ కాలం కాకపోతే, ఆపరేషన్‌నే వాయిదా వేసుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

బీపీ మాత్రలు మాత్రం తప్పకూడదు. ఆపరేషన్ ఉదయం ఏది వేసుకోవాలో ముందుగానే అడిగి తెలుసుకోండి. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా కొనుక్కోకుండా, వైద్యులు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడండి. చేపనూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్, జింకో చెట్టు ఆకుల మాత్రలు వంటివి మందులు కావనుకుని చాలామంది చెప్పరు. అవి కూడా కొంత రక్తస్రావాన్ని పెంచగలవు కనుక, ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే మీరు వాడేవన్నీ ఒక కాగితం మీద రాసి వైద్యులకు చూపించండి. కూరలో వేసే వెల్లుల్లితో భయం లేదు. వాపు తగ్గడానికి ఆర్నికా అనే హోమియో మాత్రలు వాడవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. వాటి మీద జరిగిన పరిశీలనల్లో స్పష్టమైన ప్రయోజనం తేలలేదు. ఆ డబ్బుతో మంచి చలువ కళ్లద్దాలు కొనుక్కోవడం మేలు.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి మరో 25 రోజుల్లో ఉంది. నాకు రెప్పల ఆపరేషన్ అయి 5 రోజులైంది. పెళ్లినాటికి ముఖం బాగుంటుందా? కాటుక, కాంటాక్ట్ లెన్సు ఎప్పటి నుంచి వాడవచ్చు? ఆర్కే బీచ్‌లో ఉదయపు నడక మానలేకపోతున్నాను.
— ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జవాబు: మానడం సక్రమంగా సాగితే పెళ్లినాటికి చూసేవారికి తేడా తెలియదు, దగ్గరగా తీసిన ఫోటోల్లో కొద్దిపాటి ఉబ్బు, కోత దగ్గర సన్నని ఎర్రటి గీత కనిపించవచ్చు. కుట్లు సాధారణంగా అయిదో రోజు నుంచి ఏడో రోజులోపు తీస్తారు. ఆ తర్వాత గాయం పూర్తిగా మూసుకుందని వైద్యులు చెప్పాక, అంటే సుమారు రెండు వారాలకు, కాటుక, అలంకరణ సామగ్రి, కాంటాక్ట్ లెన్సు మొదలుపెట్టవచ్చు. పాత కాటుక పెన్సిల్ పారేసి కొత్తది కొనండి. తుడిచేటప్పుడు రెప్పను పక్కకు లాగవద్దు. తలంటు కోసం కుంకుడు రసం కళ్లలో పడకుండా, తల వెనక్కి వాల్చి మరొకరి చేత పోయించుకోండి. పెళ్లి భోజనాల్లో ఊరగాయ గురించి పైన రాసింది మీకూ వర్తిస్తుంది.

బీచ్‌లో నెమ్మదిగా నడవడానికి వారం తర్వాత అభ్యంతరం లేదు. ఎండ ఎక్కకముందే, చలువ కళ్లద్దాలు, అంచు వెడల్పాటి టోపీ పెట్టుకుని వెళ్లండి. మన చర్మానికి కొత్త మచ్చ మీద ఎండ తగిలితే నల్లగా నిలిచిపోయే గుణం ఉంది. గాలికి ఎగిరే ఇసుక, ఉప్పు తుంపరలు, ఉక్కపోత చెమట కళ్లలో పడితే చేతి రుమాలుతో రుద్దకుండా, కన్నీటి చుక్కలు వేసి శుభ్రమైన దూదితో అద్దండి. సముద్ర స్నానం, ఈత మాత్రం నాలుగు వారాలు ఆగాలి.